నీళ్ళు ఎటు పోతున్నాయి?
(క్రిటికల్ కేర్ నర్సుల పరీక్షలో వినాళ గ్రంథుల పాఠం: ఒక సమీక్ష)

సిసిఆర్ఎన్ పరీక్షకు చదివే నర్సులు గుండె పాఠాన్ని రెండు మూడుసార్లు తిరగేస్తారు. ఊపిరితిత్తులకూ వెంటిలేటర్‌కూ వారాలు కేటాయిస్తారు. వినాళ గ్రంథుల పాఠం, అంటే ఎండోక్రైన్, దగ్గరికి వచ్చేసరికి పరీక్ష వారం వచ్చేస్తుంది. అప్పుడు ఒక పట్టిక గీసుకుంటారు: ఒక గడిలో జబ్బు పేరు, పక్కన సోడియం పైకా కిందకా, ఆ పక్కన మూత్రం ఎక్కువా తక్కువా, చివర మందు. నేనూ అలాగే గీసుకుని అద్దం పక్కన అంటించుకున్నాను. పరీక్ష గట్టెక్కాను. ఐసియులో మంచం పక్కన నిలబడ్డ రాత్రి మాత్రం ఆ పట్టిక గుర్తుకు వచ్చినా, ఏది ముందు చేయాలో చెప్పలేదు. ఆ తరవాత మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. ఇప్పుడు ఈ పాఠం చదవబోయే వాళ్ళకు నా మాట ఒక్కటే. హార్మోన్ పేర్లతో మొదలుపెట్టకండి. రోగి ఒంట్లో నీళ్ళు ఎటు పోతున్నాయో దానితో మొదలుపెట్టండి.

పరీక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. 1969లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్ 1976 నుంచి ఈ సర్టిఫికేషన్ ఇస్తోంది. 150 ప్రశ్నలు, 3 గంటల సమయం. అందులో 125కే మార్కులు. మిగతా 25 ముందుముందు వాడటానికి పరీక్షించి చూసుకునేవి, అవి ఏవో రాసేవాళ్ళకు తెలియదు. అమెరికా నర్సింగ్ లైసెన్సు ఉండాలి. గత రెండేళ్ళలో తీవ్ర అస్వస్థుల దగ్గర నేరుగా 1,750 గంటలు పనిచేసి ఉండాలి, అందులో 875 గంటలు చివరి ఏడాదివై ఉండాలి. అయిదేళ్ళ లెక్కతో ఇంకో దారి కూడా ఉంది. కాబట్టి మన ఊళ్ళలో బీఎస్సీ నర్సింగ్ చేసిన అమ్మాయికి ఇది మొదటి మెట్టు కాదు. హైదరాబాద్‌లోనే ఎన్‌క్లెక్స్ (అమెరికా లైసెన్సు పరీక్ష) రాసి, అమెరికా వెళ్ళి, ఐసియులో కుదురుకున్నాక వచ్చే మెట్టు. అక్కడి తెలుగు నర్సుల్లో దీనికి కూర్చునేవాళ్ళు సాధారణంగా ఉద్యోగం, పిల్లలు, నైట్ డ్యూటీలు అన్నీ మోస్తూ చదివేవాళ్ళే. వాళ్ళ సమయం విలువైనది కాబట్టే ఏ పాఠాన్ని ఎలా చదవాలన్నది ఇంతగా పట్టించుకోవాలి.

2020 నాటి పరీక్షా ప్రణాళికలో పెద్దల విభాగానికి గుండె నూటికి 17, శ్వాస 15. ఎండోక్రైన్, రక్తం, జీర్ణకోశం, మూత్రపిండాలు, చర్మం అయిదింటికీ కలిపి 20. అంటే ఎండోక్రైన్ వంతుకు వచ్చేవి కొద్ది ప్రశ్నలే. దీన్ని చివరికి నెట్టడానికి అదే కారణం. కానీ లెక్క అక్కడితో ఆగదు. షాక్ ప్రశ్నలో ఎడ్రినల్ దాగి ఉంటుంది. తల గాయం ప్రశ్నలో పిట్యూటరీ ఉంటుంది. మూర్ఛ ప్రశ్నకు మూలం సోడియంలో ఉంటుంది. పొటాషియం ప్రశ్న ఇన్సులిన్ దగ్గర తేలుతుంది. ఈ పాఠం వచ్చినవాళ్ళకు మిగతా పాఠాల్లో కూడా మార్కులు పడతాయి.

పరీక్ష అడిగే జబ్బుల జాబితా చూస్తే పది పేర్లు: ఎడ్రినల్ లోపం, డయాబెటిస్ ఇన్సిపిడస్, ఎస్‌ఐఏడీహెచ్, మధుమేహం, డీకేఏ (డయాబెటిక్ కీటోఅసిడోసిస్), హెచ్‌హెచ్‌ఎస్ (హైపరాస్మొలార్ హైపర్‌గ్లైసీమిక్ స్టేట్), షుగర్ పెరగటం, షుగర్ ఒక్కసారిగా పడిపోవటం, థైరాయిడ్ అతిగా పనిచేయటం, మందగించటం. ఇందులో సగానికి పైగా నీళ్ళ కథలే.

తల వెనక భాగం చితికి ఆపరేషన్ అయిన కుర్రవాడిని ఊహించుకోండి. రెండో రోజు తెల్లవారుజామున యూరోబ్యాగ్ గంట గంటకూ నిండుతోంది. ఒక గంటలో 400 మిల్లీలీటర్లు, మరో గంటలో 450. మూత్రం నీళ్ళలా తేటగా ఉంది. ఇక్కడ చేతికి అందే మొదటి పరీక్ష మూత్రం సాంద్రత, స్పెసిఫిక్ గ్రావిటీ. అది 1.005 కంటే తక్కువ, రక్తంలో సోడియం 145 దాటి ఎక్కుతోంది, సీరం ఆస్మొలాలిటీ 295 పైన ఉంది అంటే పీయూష గ్రంథి (పిట్యూటరీ) నుంచి రావలసిన ఏడీహెచ్ అనే హార్మోన్ రావడం లేదు. మూత్రపిండానికి నీళ్ళు ఆపమని చెప్పేవాళ్ళు లేరు. మానిటాల్ ఇచ్చినా, షుగర్ 500 ఉన్నా మూత్రం ఇలాగే ధారగా వస్తుంది. అయితే అప్పుడు అందులో చక్కెరో మందో కరిగి ఉంటుంది కాబట్టి సాంద్రత అంత కిందికి పడదు. మాదిరి ప్రశ్నల్లో చాలామంది జారిపడేది ఇక్కడే. ధారగా మూత్రం అనగానే డయాబెటిస్ ఇన్సిపిడస్ అని గుర్తు పెట్టేస్తారు, పక్కనే రాసి ఉన్న షుగర్ చూడరు. పోయిన నీళ్ళు తిరిగి ఇవ్వడం, డెస్మోప్రెసిన్ ఇవ్వడం చికిత్స. మందు ఇచ్చాక మూత్రం చిక్కబడితే లోపం మెదడులోది. చిక్కబడకపోతే మూత్రపిండమే మాట వినడం లేదని అర్థం. ఏళ్ళ తరబడి లిథియం వాడినవాళ్ళలో అది కనిపిస్తుంది.

ఈ జబ్బు గురించి చదివే ప్రతి నర్సుకూ తెలియవలసిన సంఘటన ఒకటుంది. 2009లో లండన్‌లో 22 ఏళ్ళ యువకుడు తుంటి కీలు మార్పిడికి ఆసుపత్రిలో చేరాడు. అంతకు ముందు మెదడు కణితికి చికిత్స జరిగి అతనికి డయాబెటిస్ ఇన్సిపిడస్ మిగిలింది. రోజూ మందు వేసుకుంటేనే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి. ఆపరేషన్ తరవాత ఆ మందు అందలేదు. దాహంతో అల్లాడిపోయి, మంచం మీద నుంచే పోలీసులకు ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసులను ఆసుపత్రి వాళ్ళు నచ్చజెప్పి పంపించారు. అలజడి చేస్తున్నాడని అతనికి మత్తు ఇచ్చారు. నీళ్ళు లేక సోడియం పెరిగిపోయి చనిపోయాడు. నిర్లక్ష్యం కూడా ఆ మరణానికి కారణమని 2012లో విచారణ తేల్చింది. సోడియం పెరిగిన మెదడు మొదట చూపించే గుర్తు ఆ అలజడే. దాన్ని చెడ్డ ప్రవర్తన అనుకున్నారు. పట్టికలో 'సోడియం పైకి' అన్న బాణం గుర్తు కింద ఇలాంటి మనిషి ఉంటాడని చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఇలాంటి అపాయాలు పేరు వల్ల కూడా జరుగుతున్నాయని గమనించి, 2022లో అంతర్జాతీయ ఎండోక్రైన్ సంఘాల బృందం ఆ పేరే మార్చమంది. డయాబెటిస్ అనగానే సిబ్బంది షుగర్ చూసి, బాగానే ఉందని వెళ్ళిపోతున్నారు. అందుకని మెదడు లోపానికి ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ అని, మూత్రపిండాల లోపానికి ఆర్జినిన్ వాసోప్రెసిన్ రెసిస్టెన్స్ అని పేర్లు వచ్చాయి. కొత్త పుస్తకాల్లో ఈ పేర్లు కనిపిస్తాయి, పాత ప్రశ్నల్లో పాత పేరే ఉంటుంది. రెండూ తెలిసి ఉండాలి. ఈ విషయంలో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు ఒక మేలు ఉందని నాకు అనిపిస్తుంది. మన బడి పుస్తకాలు ఒకదాన్ని మధుమేహమనీ, రెండోదాన్ని అతిమూత్ర వ్యాధి అనీ అన్నాయి. ఒకదానిలో తీపి, రెండోదానిలో ఒట్టి నీళ్ళు. ఇంగ్లీషు ఇన్నేళ్ళకు విడదీసిన రెంటినీ ఆ పుస్తకాల మాటలు కలపలేదు. పదో తరగతిలో చదివిన ఆ రెండు మాటలను వదులుకోకండి.

ఎస్‌ఐఏడీహెచ్ దీనికి తిరగబడ్డ బొమ్మ. 1957లో ష్వార్ట్జ్, బార్టర్ అనే వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో దీన్ని వర్ణించారు. ఏడీహెచ్ అవసరం లేకున్నా వస్తూనే ఉంటుంది. నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి, సోడియం పలచబడుతుంది. రక్తం పలచన, మూత్రం చిక్కన. తల గాయం, న్యుమోనియా, స్మాల్ సెల్ క్యాన్సర్, కార్బమజిపైన్, కొన్ని డిప్రెషన్ మందులు దీనికి కారణాలు. ఇక్కడ విద్యార్థి మనసులో నాటుకున్న తప్పు ఒకటి పీకెయ్యాలి: సోడియం తగ్గితే ఉప్పు తగ్గినట్టు అనుకోవడం. ఉప్పు ఉన్నంత ఉంది, నీళ్ళే ఎక్కువయ్యాయి. అందుకే నార్మల్ సెలైన్ ఎక్కిస్తే సోడియం ఇంకా పడిపోవచ్చు. మూత్రపిండం ఆ ఉప్పునంతా కొద్దిపాటి మూత్రంలో బయటికి పంపి, నీళ్ళను ఉంచేసుకుంటుంది. రోజుకు ఒక లీటరుకు మించకుండా నీళ్ళు కట్టడి చేయడం మొదటి పని. మూర్ఛలు వచ్చినా, స్పృహ తప్పుతున్నా 3 శాతం సెలైన్ 100 నుంచి 150 మిల్లీలీటర్లు. అక్కడ కూడా 24 గంటల్లో సోడియం పెరుగుదల 8 దాటకుండా చూసుకోవడం క్షేమం. తొందరపడి లాగితే మెదడు కాండంలో నరాల తొడుగు ఊడిపోతుంది, మనిషి మాటా మింగుడూ కోల్పోతాడు.

తెలివైన పరీక్షకుడు దీని పక్కనే సెరిబ్రల్ సాల్ట్ వేస్టింగ్‌ను నిలబెడతాడు. మెదడు పొరల్లో రక్తస్రావం అయిన రోగి, సోడియం 122, మూత్రంలో సోడియం ఎక్కువ. కాగితం మీద అంకెలు అచ్చం ఎస్‌ఐఏడీహెచ్‌వే. కానీ ఈ రోగి ఎండిపోయి ఉన్నాడు. గుండె వేగం పెరిగింది, బరువు తగ్గింది, నాలుక పొడిబారింది. ఒకరికి నీళ్ళు ఆపాలి, మరొకరికి నీళ్ళూ ఉప్పూ ఇవ్వాలి. ల్యాబ్ చీటీ ఈ తేడా చెప్పదు. మూడు రోజుల ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు చెబుతుంది. అది రాసేది నర్సే. ఈ పాఠంలో డాక్టరు కంటే ముందు నర్సుకు తెలిసే విషయాలు ఇన్ని ఉండటం వల్లే ఇది నాకు ఇష్టమైన పాఠం అయింది.

ఇక డీకేఏ. ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ఇన్సులిన్ లేక కణం ఆకలితో ఉంటుంది. రక్తంలో చక్కెర పేరుకుని మూత్రంలోకి పొర్లుతూ నీళ్ళను, సోడియంను, పొటాషియంను వెంట తీసుకుపోతుంది. కొవ్వు కరిగి కీటోన్లు, వాటితో ఆమ్లం. ఆ ఆమ్లాన్ని ఊదేయడానికి మనిషి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. అడాల్ఫ్ కుస్‌మాల్ 1874లో వర్ణించిన శ్వాస అదే. 60 కిలోల మనిషి ఆసుపత్రికి చేరేసరికి సుమారు 6 లీటర్ల నీళ్ళు కోల్పోయి ఉంటాడు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ పడేదాకా ఈ దారిలో వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఆ చరిత్ర వల్లనేమో, డీకేఏ అనగానే అందరి చేయీ ఇన్సులిన్ వైపు వెళుతుంది. పరీక్ష పట్టుకునేది ఆ చేతినే. క్రమం ఇదీ: ముందు సెలైన్, తరవాత పొటాషియం ఎంత ఉందో చూడటం, ఆ తరవాత ఇన్సులిన్. కారణం తెలిస్తే ఈ క్రమం బట్టీ పట్టనక్కర్లేదు. ఆమ్లం ఎక్కువైనప్పుడు, ఇన్సులిన్ లేనప్పుడు పొటాషియం కణాల్లోంచి రక్తంలోకి వచ్చేస్తుంది. చీటీలో 5.2 అని కనిపిస్తుంది, కానీ ఒంట్లో నిల్వ అడుగంటి ఉంటుంది. ఇన్సులిన్ పడగానే ఉన్న కాస్తా కణాల్లోకి దూరుతుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది. మొదటి చీటీలోనే 2.9 ఉన్న రోగికి ఇన్సులిన్ మొదలుపెడితే గుండె లయ తప్పుతుంది. అందుకే అప్పుడు ఇన్సులిన్ ఆపి పొటాషియం ఎక్కిస్తారు. ఆ గీత ఎక్కడ అంటే, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2009 పత్రం 3.3 అంది, 2024లో అయిదు సంఘాలు కలిసి ఇచ్చిన పత్రం 3.5 అంది. ఏది రాయాలని పిల్లలు ఆందోళన పడుతుంటారు. నేను చూసిన మాదిరి ప్రశ్నల్లో అంకె ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఉండటం చూడలేదు. స్పష్టంగా కిందో, స్పష్టంగా పైనో ఉంటుంది. గీత ఎందుకుందో తెలిసినవాళ్ళకు సమాధానం దొరుకుతుంది.

ఒక రోగిని తీసుకుని లెక్క కట్టి చూద్దాం. సోడియం 132, క్లోరైడ్ 94, బైకార్బొనేట్ 8, షుగర్ 600. సోడియంలోంచి మిగతా రెండూ తీసేస్తే ఆనయాన్ గ్యాప్ 30. మామూలుగా 12 దాటకూడదు. అంటే ఆమ్లం ఉంది. ఇక సోడియం 132 నిజంగా తక్కువేనా? షుగర్ 100 మీద ప్రతి 100కూ సోడియంకు 1.6 కలపాలి. 500 ఎక్కువ కాబట్టి 8 కలిపితే 140. సోడియం తగ్గలేదు, చక్కెర కణాల్లోంచి లాగిన నీళ్ళు దాన్ని పలచన చేశాయి. ఇక్కడా నీళ్ళ కథే. ఈ రెండు లెక్కలూ నోటితో చెప్పగలిగేదాకా చేయండి. డ్యూటీలో చీటీ వచ్చిన ప్రతిసారీ మనసులో కట్టుకుంటే నెల తిరిగేసరికి అలవాటైపోతుంది.

నేను కొత్తగా ఐసియులో చేరిన రోజుల్లో జరిగింది చెబుతాను. డీకేఏతో వచ్చిన కుర్రాడు. తెల్లవారుజాము నాలుగింటికి షుగర్ 210కి దిగింది. సంతోషపడ్డాం. ఇన్సులిన్ పంపు ఆపించాం. తెల్లారి ఏడింటికి హ్యాండోవర్ ఇస్తుండగా మళ్ళీ ఆ లోతైన ఊపిరి వినిపించింది. షుగర్ దిగింది గానీ ఆమ్లం పోలేదు, గ్యాప్ మూసుకోలేదు. షుగర్ 250 దగ్గరికి రాగానే డెక్స్‌ట్రోజ్ కలపాలి, ఇన్సులిన్ గంటకు కిలోకు 0.1 యూనిట్ నుంచి 0.05కు తగ్గించాలి, అంతే తప్ప ఆపకూడదు. ఇన్సులిన్ ఇక్కడ షుగర్ కోసం కాదు, కీటోన్ల కోసం. పీహెచ్ 7.3, బైకార్బొనేట్ 18 చేరి, చర్మం కింద ఇచ్చే దీర్ఘకాలిక ఇన్సులిన్ వేసి, గంటో రెండు గంటలో గడిచాకే పంపు ఆపడం. ఆ కుర్రాడు కోలుకున్నాడు. ఆ ఉదయం తరవాత ఇది నేను ఏ పుస్తకంలోనూ చూసుకోవలసిన అవసరం రాలేదు.

చికిత్స సాగేకొద్దీ పొటాషియంతో పాటు ఫాస్ఫేట్ కూడా కణాల్లోకి పోతుంది. బాగా పడిపోతే ఊపిరి కండరాలు నీరసిస్తాయి, వెంటిలేటర్ వదిలించడం కష్టమవుతుంది. ఫాస్ఫేట్ గురించి చదివేటప్పుడు ఒక తెలుగువాడిని తలుచుకోకుండా ఉండలేను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతా ప్రయోగశాలలు దాన్ని దశాబ్దాల పాటు వాడాయి. చీటీ మీద ఫాస్ఫేట్ అంకె చూసినప్పుడు ఇది గుర్తొస్తే మన పిల్లలకు ఆ అంకె మరిచిపోవడం కష్టమవుతుంది.

షుగర్ మామూలుగా ఉన్నా డీకేఏ ఉండవచ్చన్నది గత పదేళ్ళలో ఈ పాఠానికి చేరిన పెద్ద మార్పు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి ఎస్‌జీఎల్‌టీ2 మందులు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. షుగర్ 180 ఉంటుంది, లోపల ఆమ్లం పెరుగుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2015లో దీని గురించి హెచ్చరించింది. 2024 పత్రం డీకేఏ గుర్తింపుకు షుగర్ హద్దును 250 నుంచి 200కు దించింది, అంతకు ముందే మధుమేహం ఉన్నవాళ్ళకైతే ఆ హద్దు కూడా అక్కర్లేదంది. ఈ మందులు ఇప్పుడు మన ఊళ్ళ మందుల షాపుల్లో కూడా విరివిగా దొరుకుతున్నాయి. ఆపరేషన్‌కు ముందు ఉపవాసం ఉంచిన రోగి వాంతులతో, వేగంగా ఊపిరి తీస్తూ ఉంటే మందుల చీటీ అడిగి చూడాలి.

హెచ్‌హెచ్‌ఎస్ గురించి పాఠ్యపుస్తకాలు డీకేఏ పక్కన రెండో గడిలా రాస్తాయి. దాని తీరు వేరు. ఎక్కువగా పెద్దవాళ్ళు, టైప్ 2 వాళ్ళు. కొద్దిగా ఇన్సులిన్ ఉంటుంది కాబట్టి కీటోన్లు పుట్టవు, ఆ ఊపిరి ఉండదు, కడుపునొప్పి ఉండదు. అందువల్ల ఎవరికీ అనుమానం రాక రోజుల తరబడి ఎండిపోతారు. షుగర్ 600 దాటి, 1000 కూడా దాటుతుంది. నీళ్ళ లోటు 9 లీటర్ల దాకా ఉంటుంది. మరణాలు డీకేఏ కంటే ఇందులో ఎక్కువ. ఒంటరిగా ఉంటున్న ముసలాయన మత్తుగా పడి ఉన్నాడంటే పక్షవాతం అనుకుని తీసుకొస్తారు. ఇక్కడ సెలైనే ప్రధాన వైద్యం, ఇన్సులిన్ దాని వెనక నడుస్తుంది.

ఐసియులో షుగర్ ఎంత ఉంచాలన్న ప్రశ్న మీద పాత నోట్సు చదివేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో 1,548 మంది సర్జికల్ ఐసియు రోగుల మీద జరిగిన అధ్యయనం షుగర్‌ను 80-110 మధ్య బిగించి ఉంచితే మరణాలు తగ్గుతాయని చూపింది. ప్రపంచమంతా ఆ బాట పట్టింది. 2009లో నైస్-షుగర్ అధ్యయనం 6,104 మందిని చూసి దాన్ని తిరగరాసింది. బిగించి ఉంచినవాళ్ళలో 27.5 శాతం, 180 లోపు ఉంచినవాళ్ళలో 24.9 శాతం చనిపోయారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మొదటి గుంపులో 6.8 శాతం, రెండో గుంపులో 0.5 శాతం. అప్పటి నుంచి 140-180 అనే లక్ష్యం నిలిచింది. సమాధానాల్లో 80-110 కనిపిస్తే అది పాతకాలపు అంకె అని పోల్చుకోవాలి. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి చెమటలూ వణుకూ చెప్పుకోలేడు. షుగర్ పడిపోయిందని తెలిసేది మనం గుచ్చి చూస్తేనే. బీటా బ్లాకర్లు వాడేవాళ్ళలో గుండె దడ కూడా రాదు, చెమట ఒక్కటే మిగులుతుంది.

థైరాయిడ్ భాగం చిన్నది. ఇక్కడా క్రమమే ప్రాణం. థైరాయిడ్ స్టార్మ్‌లో జ్వరం, గుండె వేగం, అలజడి, విరేచనాలు ఉంటాయి. 1993 నాటి బర్చ్-వార్టోఫ్‌స్కీ లెక్కలో 45 దాటితే స్టార్మ్ అన్నట్టే. ప్రొప్రనలాల్, ప్రొపైల్‌థయోయురసిల్, హైడ్రోకార్టిజోన్ ఇస్తారు. అయోడిన్ మాత్రం ప్రొపైల్‌థయోయురసిల్ పడిన గంట తరవాతే. ముందే ఇస్తే ఆ గ్రంథికి ఇంకా సరుకు అందించినట్టు అవుతుంది. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ప్రొటీన్లకు అతుక్కుని ఉన్న హార్మోన్‌ను అది విడిపిస్తుంది. మిక్సిడీమా కోమాలో అంతా మందగించి ఉంటుంది: చల్లని ఒళ్ళు, నెమ్మదైన గుండె, పేరుకున్న కార్బన్ డయాక్సైడ్, తగ్గిన సోడియం. ఇక్కడ థైరాక్సిన్ కంటే ముందు హైడ్రోకార్టిజోన్. ఎడ్రినల్ కూడా బలహీనంగా ఉండి ఉంటే థైరాక్సిన్ మిగిలిన కార్టిసాల్‌ను కూడా ఖర్చు చేసేస్తుంది. వేడి దుప్పటి పరికరాలతో గబగబా వేడి చేస్తే రక్తనాళాలు విచ్చుకుని బీపీ పడిపోతుంది. మామూలు దుప్పట్లు కప్పి నెమ్మదిగానే చేయాలి.

ఎడ్రినల్ సంక్షోభం గురించి అమెరికా పుస్తకాలు రాసేదానికి మన అనుభవం కొంత కలపాలి. థామస్ అడిసన్ 1855లో వర్ణించిన జబ్బుకు అప్పట్లో క్షయ ముఖ్య కారణం. మన దేశంలో అది ఇప్పటికీ మరిచిపోదగ్గ కారణం కాదు. అంతకంటే తరచుగా మన పల్లెల్లో కనిపించేది మరొకటి: మోకాళ్ళ నొప్పులకో ఆయాసానికో ఏళ్ళ తరబడి ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు. ఏం మింగుతున్నారో మింగేవాళ్ళకు తెలియదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఎడ్రినల్ నిద్రపోతుంది. ఏదో జ్వరం వచ్చి మాత్రలు ఆగితే, ఎన్ని సెలైన్లు ఎక్కించినా, నార్‌ఎడ్రినలిన్ ఎంత పెంచినా బీపీ లేవదు. సోడియం తక్కువ, షుగర్ తక్కువ. గ్రంథే చెడితే పొటాషియం కూడా ఎక్కువ. హైడ్రోకార్టిజోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తే కొన్ని గంటల్లో మనిషి కూర్చుంటాడు. పరీక్షల ఫలితం కోసం దీన్ని ఆపకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిన మన తల్లిదండ్రులకు అక్కడ ఇలా జరిగితే, "ఊళ్ళో నొప్పులకు ఏ మాత్రలు వేసుకునేదమ్మా?" అని తెలుగులో అడగగలిగిన నర్సు ఒక్క ప్రశ్నతో రోగం కనిపెట్టగలదు.

పుస్తకాల విషయానికొస్తే, అసోసియేషన్ వాళ్ళ కోర్ కరిక్యులమ్ లోతైనది, కానీ అలసిన రాత్రుల్లో చదివేది కాదు. సందేహం తీర్చుకోవడానికి దగ్గర ఉంచుకోవాలి. రాబిన్ డెనిసన్ 'పాస్ సిసిఆర్ఎన్' క్రమబద్ధంగా ఉంటుంది. ప్యాట్ హువారెజ్ రాసిన బ్యారన్స్ పుస్తకం సన్నగా, పని చేసుకుంటూ చదివేవాళ్ళకు అనువుగా ఉంటుంది. వీటిలో ఏదైనా ఒకటి చాలు. మూడు పుస్తకాల్లో ఒకే పాఠం చదవడం కంటే ఒక పుస్తకం చదివి రెండు వందల ప్రశ్నలు చేయడం మేలు. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ ఏ మాట చూసి మోసపోయారో రాసుకోవాలి. పాత ముద్రణ కొనుక్కుంటే పైన చెప్పిన 2009, 2022, 2024 మార్పులు చేత్తో దిద్దుకోవాలి.

ఇక్కడ చదివి అక్కడికి వెళ్ళినవాళ్ళకు మాటల చిక్కు కూడా ఉంది. మనం ఎడ్రినలిన్ అనేదాన్ని వాళ్ళు ఎపినెఫ్రిన్ అంటారు, పారాసిటమాల్ వాళ్ళకు అసిటమినోఫెన్. మన వార్డుల్లో థైరాయిడ్‌కు కార్బిమజోల్ వాడతాం, వాళ్ళ పుస్తకంలో ఉండేది మెథిమజోల్. మొదటిది ఒంట్లో రెండోదిగా మారుతుంది. షుగర్ పడిపోతే మన చేతికి అలవాటైంది 25 శాతం డెక్స్‌ట్రోజ్, వాళ్ళ క్రాష్ కార్ట్‌లో 50 శాతం. చదివేటప్పుడు ఈ జంట మాటలను ఒక కాగితం మీద రాసుకుంటే పరీక్ష గదిలో తెలిసిన విషయానికే మార్కులు పోగొట్టుకోరు.

భారత నర్సింగ్ కౌన్సిల్ కూడా రెండేళ్ళ రెసిడెన్సీ పద్ధతిలో నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు రూపొందించింది. అమెరికా వెళ్ళే ఆలోచన లేనివాళ్ళకు కూడా ఈ పాఠం ఇదే క్రమంలో అక్కరకొస్తుంది. రోగి ఒళ్ళు గుంటూరులోనైనా హ్యూస్టన్‌లోనైనా ఒకేలా ఎండిపోతుంది.

మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ప్రశ్నల బ్యాంకు తెరవకముందు, ఈ వారం మీ డ్యూటీలో ఒక రోగి 24 గంటల ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు చూడండి. అతని పేరు రాసుకోకండి. సోడియం, షుగర్, మూత్రం సాంద్రత ఆ అంకెల పక్కన పెట్టి, నీళ్ళు ఎటు పోయాయో, ఎందుకు పోయాయో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. అలాంటి వాక్యాలు పది పూర్తయ్యాక పుస్తకం తెరవండి.